గాలి బుడగ

ఉదయం ఏడు కొట్టేసరికి సూదమ్మ చేతులు కడుక్కుని, తడి ఆరేదాకా రెండు చేతులూ గాల్లో పట్టుకుని, కోడలి మంచం దగ్గరికి వస్తుంది. "గోడకేసి తిరుగమ్మాయ్" అంటుంది. కోడలు గోడకేసి మొహం తిప్పుకుంటుంది. వెనకాల మూత తీసిన చప్పుడు, ఆ తర్వాత సూదమ్మ పెదవుల మీద దేవుడి పేరు సన్నగా వినిపిస్తాయి. పొట్ట మీద చర్మం రెండు వేళ్ళ మధ్య మడత పడుతుంది. సూది ఎప్పుడు దిగిందో తెలియదు. "అయిపోయింది. రుద్దకు" అని వినిపించాకే కోడలు ఊపిరి వదులుతుంది.

సూదమ్మ అన్నది వీధి పెట్టిన పేరు. ఆమె నలభై ఏళ్ళు ఒక చిన్న ఆస్పత్రిలో నర్సుగా చేసి విశ్రాంతి తీసుకుంది. విశ్రాంతి అన్నది కాగితం మీద మాటే. వీధిలో ఎవరికి సూది పడాలన్నా డాక్టరు చీటీ పట్టుకుని ఆమె గుమ్మం ఎక్కాల్సిందే. ఈ వీధిలో సగం మందిని తాను మొహం చూసి కాదు, వెనక నుంచి చూసి గుర్తుపడతానని ఆమె తనలో తాను నవ్వుకుంటూ చెబుతుంది. ఆమె చేతి సూదికి ఇంతవరకూ ఒక్కరికీ గడ్డ కట్టలేదు, చీము పట్టలేదు.

అలాంటి ఇంటికి ఇలాంటి జబ్బున్న కోడలు రావడం దేవుడి ఏర్పాటేనని ఇరుగుపొరుగు అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా కోడలికి ఒక చిన్న అనుమానం వచ్చేది. ఏర్పాటు చేసేవాడు ముందే జబ్బు ఇవ్వకుండా ఉండొచ్చు కదా అని. పైకి అనలేదు.

రక్తాన్ని గడ్డకట్టించే గుణం ఒకటి, కట్టకుండా ఆపే గుణం ఒకటి మనిషి ఒంట్లో ఉంటాయట, గుర్రమూ కళ్ళెమూ లాగా. కోడలికి పుట్టుకతోనే కళ్ళెం సగమే ఉంది. వేలమందిలో ఏ ఒక్కరికో ఉండే జబ్బు. మామూలు రోజుల్లో బయటపడదు. కడుపుతో ఉన్నప్పుడే గుర్రం దౌడు తీస్తుంది. మొదటిసారి ఆరో నెలలో మాయ నిండా గడ్డలు చేరి, లోపల బిడ్డ ఒక మధ్యాహ్నం కదలడం మానేసింది. పది రోజులకు కోడలి ఎడమ కాలు స్తంభంలా వాచింది. అప్పుడు పెద్దాస్పత్రిలో రక్తం డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి జబ్బు పేరు రాసి ఇచ్చింది. భర్త ఆ పేరు రెండుసార్లు చదవబోయి, "నా బండి కంటే పొడుగుంది" అన్నాడు. అతను గూడ్సు రైలు గార్డు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు గాని ఇంట్లో ఆ జబ్బుకు 'పొడుగు బండి' అన్న పేరు నిలిచిపోయింది.

ఇప్పుడు రెండోసారి. ఏడో నెల. పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది, కాన్పు అయ్యేదాకా, అయ్యాక మరో ఆరు వారాలు. గంట మించి కూర్చోకూడదు, గంట మించి నిలబడకూడదు, పడుకుంటే పక్క మారుస్తుండాలి. ఎండాకాలమైనా తొడలదాకా బిగుతు మేజోళ్ళు. ఆస్పత్రికి అరగంట దూరం దాటి వెళ్ళకూడదు. కూర్చుంటే లేవమంటారు, లేస్తే కూర్చోమంటారు. రెండు గదులు, మధ్యలో ఇరవై రెండు అడుగుల నడవ. ఆ నడవలో ఆమె ఎన్ని వందలసార్లు తిరిగిందో ఆ గచ్చుకే తెలియాలి. మొన్నమొన్నటి దాకా రంగుల దుకాణానికి ఒంటిపూట వెళ్ళేది. గోడలకు వేసే తెల్లరంగు డబ్బాలో చిక్కటి రంగు బొట్లు కలిపి, కావలసిన ఛాయ తెప్పించడం ఆమె పని. ఛాయ చూపిస్తే చాలు, అందులో ఎన్ని బొట్లు ఏ రంగు పడిందో చెప్పేది. పెయింటర్లు ఆమెను రంగులక్క అనేవారు. "రంగులక్క కలిపితే మొదటి డబ్బాకూ పదో డబ్బాకూ తేడా కనిపెట్టినవాడికి నా మీసం ఇస్తా" అని ఒక ముసలి పెయింటరు పందెం కాసేవాడు.

ఇప్పుడు ఆ పని కూడా లేదు. దానికి కారణం పరీక్ష.

మూడు వారాలకోసారి, పొద్దున ఏడింటి సూది పడిన నాలుగు గంటలకు, సరిగ్గా పదకొండింటికి ఆస్పత్రిలో రక్తం తీస్తారు. మందు ఒంట్లో ఎంత పనిచేస్తోందో అందులో తెలుస్తుంది. మొదటిసారి తక్కువ వచ్చింది. డాక్టరమ్మ మోతాదు పెంచి, నాలుగు గీతల సిరంజి బదులు ఆరు గీతలది రాసింది. రెండోసారీ తక్కువే వచ్చింది. స్కానింగులో బిడ్డ ఎదుగుదల వారం వెనకబడిందని కూడా తేలింది. డాక్టరమ్మ కాగితం మీద నుంచి తల ఎత్తి, సూదులు ఏమైనా మానేస్తున్నావా అని అడిగింది. లేదని కోడలు చెప్పింది. ఇంట్లో ఏదో తప్పుతోందనీ, పది రోజుల తర్వాత మళ్ళీ చూస్తాననీ, అప్పుడూ ఇలాగే ఉంటే కాన్పు దాకా వార్డులో పెట్టుకుంటాననీ ఆమె నెమ్మదిగానే చెప్పింది. పోయినసారి బిడ్డ ఎలా పోయిందో మళ్ళీ గుర్తుచేయాల్సిన పని ఆమెకు లేకపోయింది.

 ఇంటికి వచ్చి చెప్పులు విడిచాక సూదమ్మ అడిగింది.

"పొద్దుటి సూది నేను వేస్తున్నాను. సాయంత్రంది నువ్వే వేసుకుంటున్నావు. అవునా?"

"వేసుకుంటున్నాను అత్తయ్యా."

"నాలుగో నెలలో కూడా ఇదే మాట అన్నావు."

 నాలుగో నెలలో ఒక సాయంత్రం కోడలు పొట్ట మీద నీలం, ఊదా, పసుపు మచ్చలు చూసుకుని, ఇవాళ ఒక్కరోజు వద్దనుకుని, సిరంజిని బీరువాలో బట్టల కింద దాచింది. ఉతికిన బట్టలు సర్దుతుంటే అది సూదమ్మ చేతికి దొరికింది. సూదమ్మ అరవలేదు. ఆ నిండు సిరంజిని తెచ్చి కోడలి కంచం పక్కన పెట్టి, అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుంది. ఒక్కసారి చేసిన తప్పు. ఆ తర్వాత ఒక్కటీ మానలేదు. కానీ ఒకసారి అబద్ధమాడిన నోటితో నిజం చెబితే దాని బరువు ఎవరు తూస్తారు?

ఆ రోజు నుంచి రెండు పూటలా సూది సూదమ్మే వేసింది. సాయంత్రం ప్రార్థనకు వెళ్ళడం కూడా మానుకుంది. సిరంజిల పెట్టె తన ట్రంకులో పెట్టి తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుంది. దుకాణానికి తానే కబురు పంపి కోడలి పని మాన్పించింది. కోడలు స్నానాల గదిలో ఎక్కువసేపు ఉంటే తలుపు మీద వేలితో కొట్టేది. కోపంతో కాదు. ఆమె కళ్ళ కింద కూడా నలుపు తేలింది. అది తెలుసు కాబట్టే కోడలికి ఊపిరాడేది కాదు. కోపమైతే ఎదురు చెప్పొచ్చు.

నడవలో తిరుగుతూ ఆమె లెక్క వేసుకుంది. పరీక్ష ఎప్పుడూ పొద్దుటి సూది తర్వాతే. పొద్దుటి సూది వేసేది అత్తయ్య. సాయంత్రంది తాను మానేసినా పొద్దుటి మందు ఒంట్లో కనబడాలి కదా? మరి ఆ కనబడాల్సింది ఎటు పోతోంది?

పరీక్షకు రెండు రోజుల ముందు, పొద్దున ఎప్పటిలాగే గోడకేసి తిరిగింది. ఆ రోజు బీరువా తలుపు సగం తెరిచి ఉంది. తలుపుకున్న అద్దంలో సూదమ్మ చేతులు కనిపించాయి. సిరంజిని నిటారుగా పట్టుకుంది. పెదవులు కదిలాయి. బొటనవేలు పైకి లేచి సిరంజి మీద రెండుసార్లు టకటకమని కొట్టింది. లోపలున్న గాలి బుడగ పైకి తేలింది. వేలు కిందికి వచ్చి, మందును తోసే మట్టను నొక్కింది. బుడగ పోయింది. దాని వెంట ఒక చుక్క ఎగిరింది. సూదమ్మ ఆగలేదు. ఇంకో చుక్క, మరో చుక్క, కిటికీ వెలుగులో మెరిసి గచ్చు మీద పడ్డాయి.

కోడలి కన్ను చుక్క మీద లేదు, గీత మీద ఉంది. ఆరు మీదుండాల్సిన మందు అయిదుకు దిగింది. ఆరింట ఒక పాలు. నీలంలో ఆరింట ఒక పాలు తగ్గితే ఆ గోడ నీలం గోడ కాదు, వెలిసిపోయిన గోడ. తాను సాయంత్రాలు వేసుకున్నప్పుడు బుడగ తీసేది కాదు. తీయాలని ఎవరూ చెప్పలేదు, అంతే. ఈ ఎనిమిది రోజులుగా రెండు పూటలా తగ్గిన మందే పడుతోంది.

సూదమ్మ అటు వెళ్ళగానే భర్తకు ఫోన్ చేసింది. అతను ఏదో దూరపు యార్డులో ఉన్నాడు. వెనక నుంచి పెట్టెలు తగిలించే చప్పుడు వినిపిస్తోంది. అంతా విని, మా అమ్మకు సూది నేర్పుతావా అని నవ్వబోయి, నవ్వలేక ఆగిపోయాడు. ఎల్లుండి రాత్రికి వస్తాననీ, తాను మాట్లాడతాననీ, అందాకా నోరు మెదపొద్దనీ చెప్పాడు. పరీక్ష ఎల్లుండి పొద్దున అని ఆమె గుర్తుచేసింది. అటువైపు ఈల వినిపించింది. "సరే, చూద్దాం" అని పెట్టేశాడు.

సాయంత్రం సూదమ్మ ట్రంకులోంచి సిరంజిల పెట్టె తీయగానే కోడలు అందులో ఉండే మడతల కాగితం విప్పి, ఊరికే చదువుతున్నట్టు పైకి చదివింది. గాలి బుడగను తీయరాదు అన్న చోట కాస్త గట్టిగా చదివింది. ఆ కాగితం రాసినవాడు జన్మలో ఒక్క సూదైనా వేసి ఉండడని సూదమ్మ తేల్చేసింది. తర్వాత తన పాత కథ చెప్పింది. పనిలో చేరిన కొత్తలో గాలి తీయకుండా సూది ఎత్తితే పెద్ద నర్సు ముంజేతి మీద స్కేలుతో కొట్టిందట. గాలి గుండెకు చేరితే మనిషి దక్కడని అరిచిందట. "వీధిలోవాళ్ళకి ఒక్క చుక్క తీస్తాను. నీకు మూడు తీస్తున్నాను. రెండు ప్రాణాలు కదా" అంది.

కోడలు ఆ మాటకు కాగితం మడత పెట్టేసింది. ప్రేమతోనే నేలపాలు చేస్తోంది. ప్రతి చుక్కకూ దేవుడి పేరు చెప్పి మరీ పోస్తోంది. ఆయన విన్నాడో లేదో, విన్నా ఆ చెయ్యి ఎందుకు పట్టుకోలేదో ఎవరిని అడగాలి? ఆయన పట్టుకోకపోతే పట్టుకోవలసింది ఎవరు?

మర్నాడంతా మాట నాలుక చివరికి వచ్చి వెనక్కి పోయింది. ఆ రెండు పూటలూ చుక్కలు పడ్డాయి. సాయంత్రం బిడ్డ కదలిక కోసం చెయ్యి వేసుకుని పడుకుంటే ఎంతకీ తగల్లేదు. నీళ్ళు తాగి, పక్క మారి, మళ్ళీ చెయ్యి వేసింది. చాలాసేపటికి లోపల ఎక్కడో బద్ధకంగా ఒక్క కదలిక తెలిసింది. 

పరీక్ష రోజు ఏడింటికి ఆమె గోడకేసి తిరగలేదు. సిరంజి నిటారుగా లేవగానే సూదమ్మ మణికట్టు పట్టుకుంది.

"చుక్క పడనివ్వకండి అత్తయ్యా."

"గాలి ఉందమ్మాయ్."

"ఉండనివ్వండి. గీత చూడండి. రోజూ ఆరోవంతు నేల మీద పడుతోంది."

"చెయ్యి వదులు. బిడ్డకేమన్నా అయితే?"

"అవుతోంది కాబట్టే పట్టుకున్నాను."

 సూదమ్మ సిరంజిని కోడలి చేతిలో పెట్టింది. "నా చేత్తో గాలి ఎక్కించలేను. నువ్వే వేసుకో. పాపమైనా పుణ్యమైనా నీదే" అని తానే గోడకేసి తిరిగి నిలబడింది. కోడలు మడత పట్టి, నిలువుగా దించి, మట్ట చివరిదాకా నొక్కింది. తాను వేసుకున్న సూది నొప్పి పెట్టింది.

పదకొండింటికి రక్తం తీశారు. ఒంటిగంటకు ఫలితం వచ్చింది. ఉండాల్సిన గీతను వెంట్రుకవాసిలో దాటింది. డాక్టరమ్మ పాత కాగితాలు, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి, ఈసారి ఏం మార్చారని అడిగింది. బల్లకు ఇటువైపు అత్తాకోడళ్ళిద్దరూ పక్కపక్క కుర్చీల్లో ఉన్నారు. ఇప్పుడు ఊరుకుంటే తాను ఇన్నాళ్ళూ సూది మానేసినట్టే అవుతుంది. మాట్లాడితే నలభై ఏళ్ళ పేరు ఈ బల్ల మీద పడుతుంది. రెండింటి మధ్యా ఇరుక్కుని కోడలు తన పొట్ట వైపు చూసుకుంది.

"గాలి తీస్తుంటే మందు పోయిందండి. మా అత్తయ్య తీసేవారు" అంది.

సూదమ్మ ఊరుకునే మనిషి కాదు. గాలి తీయకుండా సూది వేయమని ఏ పుస్తకంలో ఉందో చూపించమంది. తాను ఎన్ని వేలమందికి వేసిందో చెప్పింది. డాక్టరమ్మకు ఆమె కూతురి వయసుంటుంది. వాదించలేదు. సొరుగులోంచి ఒక సిరంజి తీసి, సూదమ్మ చేతికే ఇచ్చి, ఇంట్లో చేసినట్టు చేయమంది. సూదమ్మ చేసింది. చుక్కలు చీటీ మీద పడి తడి మచ్చ పరుచుకుంది.

"మీ రోజుల్లో సీసాలోంచి లాగేవారు. కావలసినదానికంటే ఒక బొట్టు ఎక్కువ లాగి గాలి తీసేవారు. అది సరైన పద్ధతేనమ్మా. ఇది అలా కాదు, ముందే కొలిచి నింపింది. ఇందులో ఎక్కువ లేదు. ఆ బుడగ కూడా కావాలనే ఉంచారు, చివరి బొట్టును తోయడానికి. చర్మం కింద వేసే సూది ఇది, నరంలోకి కాదు" అని డాక్టరమ్మ చెప్పింది.

సూదమ్మ ఆ తడి మచ్చనే చూస్తూ ఉండిపోయింది. తర్వాత, అంత చిన్న గొంతుతో ఆమె మాట్లాడటం కోడలు ఎన్నడూ వినలేదు. "ఎన్ని రోజులు వేశానో..." అంది. 

అయినా డాక్టరమ్మ ఇంటికి పొమ్మనలేదు. నాలుగో నెలలో సూది మానేసి సిరంజి దాచిన సంగతి కోడలు అక్కడే ఒప్పుకుంది. ఆమె ఒక్కదాని చేతిలో సూదులు పెట్టనంది డాక్టరమ్మ. భర్త ఊళ్ళో ఉండడు. తప్పకుండా వేసే రెండో మనిషి ఇంట్లో ఉంటేనే పంపుతుంది, లేదంటే వార్డులో మంచం ఇవాళే ఖాళీగా ఉంది. తాను మూడింటికి వెళ్ళిపోతుంది. అందాకా సూది గదిలో నర్సు దగ్గర పెద్దావిడ నేర్చుకుని, నర్సు సరేనంటే ఇంటికి వెళ్ళొచ్చు.

సూది గదిలో నర్సు ఇరవై రెండేళ్ళ పిల్ల. మందు గడువు తీరిన సిరంజిలు అయిదే ఉన్నాయని, స్పాంజి ముక్క మీద వేసి చూపించమని అంది. బయట వరుసలో కూర్చున్నవాళ్ళు తలలు చాచి చూస్తున్నారు. వాళ్ళలో ఒకామె సూదమ్మను గుర్తుపట్టి, "మీరేంటమ్మా, ఇక్కడ నేర్చుకోవడమేంటి?" అని నవ్వింది. సూదమ్మ స్టూలు జరుపుకుని కూర్చుంది.

కోడలు కూర్చుని అప్పటికే గంట దాటింది. లేచి వరండాలో నడవక తప్పలేదు. వార్డు తలుపు దాకా వెళ్ళి, వెనక్కి సూది గది గుమ్మం దాకా రావడం. వార్డు తలుపు అద్దంలోంచి రెండు వరుసల ఇనప మంచాలు, అన్నిటి మీదా ఒకే రంగు దుప్పట్లు కనిపించాయి. పది వారాలు. ఆమె వెనక్కి తిరిగింది.

మొదటి సిరంజి పాడైంది. వేలు దానంతటదే లేచి కొట్టేసింది. రెండోదీ అంతే. "తెలిసే చేస్తున్నానా? చెయ్యి వినడం లేదు" అని సూదమ్మ నర్సుతో అంటోంది. మూడోసారి కోడలు గుమ్మంలోనే ఆగి చూసింది. సిరంజి లేచింది, పెదవులు కదిలాయి, వేలు లేచింది. చుక్క పడింది. నాలుగోసారీ అదే వరుస. ముందు పెదవులు, వెంటనే వేలు. నలభై ఏళ్ళుగా ఆ రెండూ ఒకే పగ్గానికి కట్టి ఉన్నాయి.

"అత్తయ్యా, పేరు తలుచుకోకుండా వేయండి."

సూదమ్మ తల తిప్పింది. "ఆయన పేరు లేకుండానా?"

"సూది దిగాక తలుచుకోండి. ఆ మాట రాగానే మీ వేలు లేస్తోంది."

వరుసలో కూర్చున్నవాళ్ళు నవ్వడం మానేశారు. సూదమ్మ అయిదో సిరంజిని చేతిలో పట్టుకుని, ఎంతకీ కదలకుండా కూర్చుంది. నలభై ఏళ్ళలో ఆ పేరు లేకుండా ఆమె ఒక్కరి ఒంట్లోనూ సూది దించలేదు. ఇప్పుడు దించితే ఆయన ఏమనుకుంటాడో? నేల పాలైన చుక్కలప్పుడు ఏమీ అనని దేవుడు, ఇప్పుడు మాత్రం ఏమంటాడు? ఆ రెండు ప్రశ్నల్లో ఏది ఆమె మనసులో ఉందో కోడలికి తెలియలేదు.

సూదమ్మ పెదవులు గట్టిగా బిగించింది. దవడ ఎముక పైకి తేలింది. సిరంజి మూత తీసింది. వేలు సగం లేచి అక్కడే ఆగింది. సూది స్పాంజిలోకి నిలువుగా దిగింది. మట్ట చివరిదాకా వెళ్ళింది. బుడగ మందు వెనకాలే లోపలికి పోయింది. సూది బయటికి వచ్చాక, అప్పుడు ఆమె కళ్ళు మూసుకుంది.

నర్సు చీటీ మీద సంతకం పెట్టింది. అప్పటికి మూడుకు పది నిమిషాలుంది.

ఆస్పత్రి మెట్లు దిగుతుంటే, తాను సంతోషంగా ఉన్నట్టు కోడలికి తెలిసి వింతగా అనిపించింది. వెళ్ళేది అవే రెండు గదులకు, అదే నడవకు. వీధి మలుపులో రిక్షా కోసం నిలబడ్డారు. సూదమ్మ అడిగింది.

"ఇంకా ఎన్ని సూదులు?"

"కాన్పు దాకా నూట నలభై. ఆ తర్వాత ఎనభై నాలుగు."

సూదమ్మ మనసులో కూడుకుంది. నడుముకున్న తాళంచెవి తీసి, ఎండకు కళ్ళు చికిలించి చూసి, కోడలి చేతిలో పెట్టింది.

"ఏడింటికి పెట్టె తీసి పెట్టు" అంది. "ఇవాళ్టికి ఒకటి తగ్గుతుంది."